ఉప్పుగాలిలో పాత కారు: పెద్దలు వద్దనే పది సలహాలు

మీ వసారాలో నాయనో తాతో కొన్న అంబాసిడర్ ఒకటి ఉందనుకుందాం. ప్రీమియర్ పద్మిని కావచ్చు, స్టాండర్డ్ హెరాల్డ్ కావచ్చు, రొయ్యల గుంటల గట్ల మీద తిరిగిన మహీంద్రా జీపు కావచ్చు. దాన్ని మళ్ళీ రోడ్డెక్కిద్దామని అనుకున్న రోజే సలహాలు మొదలవుతాయి. చెన్నైలోనూ హైదరాబాదులోనూ పాత కార్లు సేకరించే పెద్దలందరిదీ ఒకటే మాట. ఒక్క నట్టు కూడా మార్చకండి, ఫ్యాక్టరీ నుంచి ఎలా దిగిందో అలాగే ఉంచండి, మార్చారంటే విలువ పోయినట్టే అంటారు.

వాళ్ళ కార్లు ఉండేది తలుపులు మూసిన గ్యారేజీలో. మన కారు ఉండేది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో. మైపాడు వైపు నుంచి వీచే సముద్రపు గాలి, గుంటల్లో ఏరేటర్లు చిమ్మే ఉప్పునీటి తుంపర, కార్తీకంలో రోజుల తరబడి పట్టే ముసురు కలిసి ఇనుమును ఏం చేస్తాయో ఇక్కడ గేటు, కిటికీ గ్రిల్లు, బోరు పైపు ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. ఈ గాలిలో కారును ముట్టుకోకుండా ఉంచితే తుప్పుకు అప్పగించినట్టే. అందుకే నా సలహాలు పెద్దల మాటకు ఎదురు వెళ్తాయి. నడవడానికి ఏది అడ్డమో దాన్ని మొహమాటం లేకుండా మార్చండి. ఈ తీరంలో నడిచే కారే మిగులుతుంది.

1. ముందుగా వెల కట్టించకండి

పని మొదలుపెట్టకముందే కారు ఎంత పలుకుతుందో తెలుసుకోమంటారు. వద్దు. ఒక అంకె చెవిన పడ్డాక మీ చెయ్యి ఆగిపోతుంది. బయటికి తీస్తే గీత పడుతుందని భయం, ఎవరైనా ఎక్కుతామంటే భయం. భయపడేవాళ్ళ కారు వసారా దాటదు. వసారా దాటని కారులో బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, ట్యాంకులో పెట్రోలు జిగురవుతుంది, టైర్లు ఒకవైపు అణిగిపోతాయి. విలువ కాపాడాలని ఆపిన కారుకు ఆ విలువా మిగలదు.

వెల బదులు ఒక కాగితం తీసుకుని మూడు విషయాలు రాయండి. కారు నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరగాలి? ఎవరు నడపాలి? ఎవరెవరు ఎక్కాలి? అమ్మను నెల్లూరు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి, గంగపట్నం చాముండేశ్వరి గుడికి వెళ్ళాలి, సెలవులకు వచ్చిన పిల్లలను మైపాడు బీచికి తిప్పాలి, 1921లో గాంధీజీ ప్రారంభించిన పల్లిపాడు పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని చూపించాలి. ఇలా ఊర్ల పేర్లతో సహా రాయండి. ఏది మార్చాలో, ఏది ఉంచాలో ఆ కాగితమే చెబుతుంది. రాత్రి ప్రయాణం ఉంటే లైట్లు మారాలి. పెద్దవాళ్ళు ఎక్కేట్టయితే బ్రేకులు, సీట్లు మారాలి. కాగితం మీద ఏమీ రాయలేకపోతే మీకు ఆ కారు అక్కర్లేదు. అక్కర ఉన్నవాళ్ళకు ఇచ్చేయండి.

2. ఏ సంవత్సరపు ఒరిజినల్ కావాలని అడగండి

ఒరిజినల్‌గా ఉంచమన్న మనిషిని ఒక మాట అడగండి. అంబాసిడర్‌లో ఏది ఒరిజినల్? అది ఇంగ్లండులో పుట్టిన మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. ఉత్తరపారా ఫ్యాక్టరీలో హిందుస్థాన్ మోటార్స్ దాన్ని 1957లో అంబాసిడర్ చేసింది. మొదటి కొన్నేళ్ళలోనే సైడ్ వాల్వ్ ఇంజన్ పోయి 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్ వచ్చింది. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4 అంటూ ముందు జాలీ, డ్యాష్‌బోర్డు మారుతూ వచ్చాయి. 1980 ప్రాంతంలో డీజిల్ ఇంజన్ ఎక్కింది. 1990లలో జపాను కంపెనీ ఇసుజు ఇంజను వచ్చింది, స్టీరింగ్ పక్కనుండే గేరు కిందికి దిగింది. 2014 మే నెలలో ఉత్పత్తి ఆగిపోయేదాకా ఆ కారును అందరికంటే ఎక్కువగా మార్చింది దాన్ని తయారు చేసిన కంపెనీయే. ప్రీమియర్ పద్మిని కథా ఇంతే. ఇటలీ ఫియట్ 1100 బొంబాయిలో ఒక్కో మెట్టూ మారుతూ వచ్చి, 1970లలో ఆ పేరు పెట్టుకుంది.

ఈ చరిత్రలో మనకు పనికొచ్చే సూత్రం ఒకటుంది. ఏ భాగం మార్చాలన్నా మొదట అదే వంశంలో తర్వాత పుట్టిన కారులో వెతకండి. 1970ల అంబాసిడర్‌కు 1990ల అంబాసిడర్ బ్రేకులు పెడితే అది పరాయి సొమ్ము కాదు. ఫ్యాక్టరీ ఇరవై ఏళ్ళ తర్వాత చేసిన పనినే మీరు మీ షెడ్డులో చేస్తున్నారు. బోల్టులు చాలావరకు కూర్చుంటాయి, మెకానిక్కుకు పని తెలిసే ఉంటుంది, పార్టు పాడైతే మళ్ళీ దొరుకుతుంది. అక్కడ దొరకనప్పుడే వేరే కంపెనీ వైపు చూడండి.

3. నిజాం రోల్స్‌రాయిస్‌ను ఆదర్శంగా పెట్టుకోకండి

తెలుగు నేల మీద ముట్టుకోకుండా కాపాడిన కారుకు పేరున్న ఉదాహరణ నిజాం సింహాసనపు కారు. 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డరు ఇస్తే, అది వచ్చేసరికి ఆయన లేరు, కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ గద్దె మీద ఉన్నారు. బార్కర్ కంపెనీ కట్టిన బాడీ, లోపల సింహాసనంలాంటి ఆసనం. నిజాం కొలువులో ఉన్న కాలమంతా కలిపి అది నాలుగు వందల మైళ్ళు కూడా తిరగలేదని చెబుతారు. ఆ కారులో ప్రయాణించిన జ్ఞాపకం జనానికి లేదు.

ఇంకో బండి చూడండి. ఏబీఆర్ 7272. పాత షెవర్లే వ్యాను. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టాక ఎన్టీ రామారావు దాన్ని తనకు కావలసినట్టు మార్పించుకున్నారు. పైకి ఎక్కి నిలబడి మాట్లాడేందుకు ఏర్పాటు, మైకులు, లైట్లు, లోపల విశ్రాంతికి చోటు. హరికృష్ణ స్టీరింగ్ పట్టారు. చైతన్య రథం అని పేరు పెట్టి రాష్ట్రమంతా వేల కిలోమీటర్లు తిప్పారు. 1983 జనవరిలో ఆ ప్రయాణం ముఖ్యమంత్రి పదవి దాకా తీసుకువెళ్ళింది. మీ రాజకీయాలు ఏవైనా కావచ్చు. తెలుగువాళ్ళకు నంబరుతో సహా గుర్తున్న పాత బండి అది. ఆ షెవర్లేను ఫ్యాక్టరీ రూపంలో అట్టిపెట్టి ఉంటే ఈనాడు దాని పేరెత్తేవాళ్ళు ఉండరు. పైన కోసి, లోపల మార్చి, ఎండలో వానలో తిప్పబట్టే అది చరిత్ర అయింది.

ఏ కారును చూసి నేర్చుకోవాలో తేల్చుకోవడానికి ఈ రెండూ చాలు.

4. వీఏ నంబరు మీద ఆశ వదులుకోండి

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాత బండ్ల కోసం మోటారు వాహనాల నిబంధనల్లో కొత్త భాగం చేర్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్ళు దాటిన సొంత వాడకపు కార్లకు, టూవీలర్లకు వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్తగా తీసుకుంటే 20,000 రూపాయల ఫీజు, పదేళ్ళ గడువు, ఆ తర్వాత పునరుద్ధరణకు 5,000. అందుకు షరతు ఏమిటంటే ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి.

చాలామంది ఇక్కడే ఆగి, అయితే ఏమీ మార్చకూడదు అని నిర్ణయించుకుంటారు. నిబంధన పూర్తిగా చదవండి. వీఏ నంబరు ఉన్న బండిని రోజువారీ అవసరాలకు రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలుకు, రిపేరుకు మాత్రమే బయటికి తీయాలి. అంటే అమ్మను ఆసుపత్రికి తీసుకువెళ్ళకూడదు, గుడికి వెళ్ళకూడదు. మీరు కాగితం మీద రాసుకున్న పనుల్లో ఒక్కటీ కుదరదు. మామూలు రిజిస్ట్రేషన్‌నే ఐదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చేయించి పునరుద్ధరించుకోండి. ఫీజులు పెరిగాయి, నిజమే. అయినా తిరిగే హక్కు మీ దగ్గర ఉంటుంది.

ఒక్క మినహాయింపు చెబుతాను. మీ కారు ఏ చెయ్యీ పడకుండా, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, రంగు, లోపలి గుడ్డతో సహా మొదటినాటిదే అయి, అలాంటివి అరుదుగా మిగిలి ఉంటే, దాన్ని మార్చకండి. ఇందుకూరుపేటలో ఉంచనూ ఉంచకండి. కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు పేరుతో నడిచే ధర్మసంస్థకు జీడీ కార్ మ్యూజియం ఉంది. అలాంటి చోటికో, సముద్రానికి దూరంగా పొడిగాలిలో ఉండే సేకర్తకో ఇవ్వండి. ముట్టుకోకూడని కారుకు ఉప్పుగాలి లేని ఊరు కావాలి.

5. కవరు తీసేసి వానలో నిలబెట్టండి

వసారాలో పెట్టి, మీద ప్లాస్టిక్ కవరు కప్పి, అంచులు తాళ్ళతో కట్టడం ఊళ్ళో అందరూ చేసే జాగ్రత్త. తీరంలో కారుకు అంతకంటే హాని లేదు. ఉప్పుకు తేమను గాలిలోంచి పీల్చుకునే గుణం ఉంది. రేకు మీద పేరుకున్న సన్నని ఉప్పు పొర రాత్రి తేమను లాగి, ఇనుమును తెల్లవార్లూ తడిగా ఉంచుతుంది. కవరు ఆ తడిని ఆరనివ్వదు. పైకప్పు కింద ఉన్నందువల్ల వాన దాన్ని కడగనూ కడగదు. సముద్ర తీరంలో వానకు తడిసే రేకు కంటే, వాన తగలకుండా గాలి మాత్రం తగిలే రేకునే చాలాసార్లు తుప్పు ముందుగా తినేస్తుంది. మీ ఇంటి చూరు కింద ఉన్న కిటికీ ఊచల అడుగుభాగం చూస్తే తెలుస్తుంది.

అందుకని మంచి వాన పడుతుంటే కారును బయటికి తీయండి. అద్దాల రబ్బర్లు బాగుంటే చాలు. వాన వెలిశాక తలుపులు, బానెట్, డిక్కీ తెరిచి గాలికి ఆరనివ్వండి. మన జిల్లాకు వాన ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మిగతా నెలల్లో ఆ పని మీరు చేయాలి. వారానికోసారి అడుగుభాగం, చక్రాల లోపలి గూళ్ళు పైపుతో కడగండి. బోరు నీళ్ళు మాత్రం వాడకండి. తీరం దగ్గర చాలా బోర్లలో ఉప్పు ఉంటుంది, కడిగిన ప్రతిసారీ కొత్త ఉప్పు పూసినట్టవుతుంది. కాలవ నీళ్ళో, పట్టి ఉంచిన వాన నీళ్ళో మేలు.

2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద లాంటిది ఇంట్లోకి వస్తే అది వేరే సంగతి. మునిగిన కారుకు తాళం తిప్పకండి. ముందు ఇంజన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆయిళ్ళన్నీ దించేయండి, బ్యాటరీ విప్పండి, బ్రేకు డ్రమ్ములు తెరిపించండి.

6. బాడీకి రంధ్రాలు పెట్టించండి

ఫ్యాక్టరీ రేకుకు డ్రిల్లు పెట్టడమంటే సేకర్తలు ఒప్పుకోరు. నేను పెట్టమంటాను. అంబాసిడర్‌కు, పద్మినికి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే బరువు మోస్తుంది. తలుపుల కింద ముందు నుంచి వెనక్కి పోయే పెట్టెలాంటి భాగం ఆ బరువులో పెద్ద వాటా మోస్తుంది. దాని లోపల మట్టి చేరి, నీరు నిలిచి, పైకి రంగు బాగానే కనబడుతుండగా తుప్పు లోపలి నుంచి తినేస్తుంది. తలుపుల అడుగున ఉన్న నీటి దారులు కూడా మూసుకుపోతాయి. మంచి మెకానిక్ చేత కనబడని చోట చిన్న రంధ్రాలు పెట్టించి, లోపలికి తుప్పును ఆపే మైనం స్ప్రే చేయించి, రబ్బరు బిరడాలు కొట్టించండి. నీరు దిగే దారులు అడుగున తెరిచే ఉంచండి.

తుప్పు తినేసిన రేకు మీద పుట్టీ పెట్టి మెరిపించే టింకరింగ్ ఒప్పుకోకండి. కుళ్ళిన భాగం కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. ఫ్యాక్టరీ రేకు కంటే మందమైన రేకు వేయించినా తప్పు లేదు. అడుగున తారు దళసరిగా పూయడం మంచిదని చెబుతారు. తుప్పు మీద తారు పూస్తే తుప్పు దాని చాటున పెరుగుతుంది. ముందు గీకించి, ఎపాక్సీ ప్రైమర్ వేయించి, ఆ తర్వాతే ఏ పూతయినా.

రంగు విషయంలో పాత డ్యూకో కోసం పట్టుబట్టకండి. ఎపాక్సీ ప్రైమర్ మీద పీయూ పెయింటు ఉప్పుగాలికి బాగా నిలుస్తుంది. అసలు షేడ్ ఇష్టమైతే అదే కలిపించుకోండి. వేరే రంగు వేయిస్తే ఆర్సీలో కూడా మార్పించాలి, రంగు అక్కడ నమోదై ఉంటుంది. అల్యూమినియం పట్టీలను స్టీలు స్క్రూలతో నేరుగా బిగించకండి. రెండు లోహాలు ఉప్పుతడిలో కలిస్తే అల్యూమినియం గుల్లయిపోతుంది, మధ్యలో నైలాన్ వాషర్ పెట్టించండి. మైపాడులో ఫైబరు పడవలకు ఇంజన్లు బిగించేవాళ్ళకు ఇవన్నీ రోజూ చేసే పనులే. ఒక పూట వాళ్ళ దగ్గర కూర్చుని చూడండి.

7. ఇంజన్ చుట్టూ ఉన్నవన్నీ మార్చండి

అన్నిటికంటే ముందు బ్రేకులు. పాత అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, పెడల్‌కు బూస్టర్ లేదు. వాన నీళ్ళలో దిగిన డ్రమ్ము కాసేపు పట్టదు. ఆ కారు వచ్చిన రోజుల్లో రోడ్డు మీద ఎడ్లబండ్లు, బస్సులు ఉండేవి. ఇప్పుడు నెల్లూరు రోడ్డులో మీ ముందు వెళ్ళే కారుకు ఏబీఎస్ ఉంది, అది ఆగినంత దూరంలో మీరు ఆగలేరు. ఇసుజు ఇంజన్‌తో వచ్చిన తర్వాతి అంబాసిడర్ల ముందు డిస్కులు, బూస్టర్ తెచ్చి పెట్టించండి. బ్రేకు గొట్టాలు రాగి-నికెల్‌వి దొరికితే వేయించండి, ఇనుప గొట్టం ఇక్కడ ఎక్కువకాలం ఉండదు. ముందు సీట్లకు సీటు బెల్టులు పెట్టించండి, అయితే బోల్టు వెనక గట్టి ఇనుప పలక వెల్డింగ్ చేయించిన తర్వాతే. తుప్పు రేకుకు బిగించిన బెల్టు ప్రాణం కాపాడదు.

తర్వాత కరెంటు. డైనమో నెమ్మదిగా తిరిగేటప్పుడు సరిగా ఛార్జి చేయదు. రాత్రిపూట లైట్లు, వైపర్లు వేసుకుని మెల్లగా వెళ్తే బ్యాటరీ దిగిపోతుంది. ఆల్టర్నేటర్ పెట్టించండి. మీ కారుకు పాజిటివ్ ఎర్త్ ఉంటే అది మార్పించాకే ఆల్టర్నేటర్ కలపాలి, లేకపోతే కొత్తది వెంటనే కాలిపోతుంది. పాత గుడ్డచుట్టు వైర్లన్నీ తీసేసి కొత్త వైరింగ్ చేయించండి, ప్రతి సర్క్యూటుకూ ఫ్యూజు వేయించండి. పాత కార్లలో రెండో నాలుగో ఫ్యూజులతో బండంతా నడిపేవాళ్ళు, ఇంట్లో నిలిపిన కారు తగలబడడానికి అది ఒక కారణం. హెడ్‌లైట్లకు రిలే పెడితే అవే గిన్నెల్లో వెలుగు బాగా పెరుగుతుంది. సీబీ పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేస్తే తేమ ఉదయాల్లో కూడా ఒక్క తిప్పుకే స్టార్టవుతుంది.

మూడోది పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఈ20. 1960లలో, 1970లలో చేసిన రబ్బరు పైపులు, కార్కు గ్యాస్కెట్లు దానికోసం చేసినవి కావు. మెత్తబడి, ఉబ్బి, పగిలి కారతాయి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, మన తేమలో నెలల తరబడి నిలిపిన ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. ఇథనాల్‌కు తట్టుకునే పైపులు, పంపు డయాఫ్రమ్, కార్బొరేటర్ కిట్టు వేయించండి, ట్యాంకు కడిగించండి. ఇక్కడ ఒరిజినల్ పైపు ఉంచుకోవడమంటే వేడి ఇంజన్ మీద పెట్రోలు కారనివ్వడమే. మార్చకుండా ఉంచమనే పెద్దలు ఈ ఒక్క చోటైనా మార్చమని చెప్పాలి.

8. ఇంజన్ అడ్డమైతే ఇంజనూ మార్చండి, కాగితం ముందు

1489 సీసీ పెట్రోలు ఇంజన్ మంచిది. బోరు చేయించి కొత్త పిస్టన్లు వేస్తే ఇంకో తరం నడుస్తుంది. అది సాధ్యమైతే అదే చేయండి. బ్లాకు పగిలితేనో, సిలిండర్ హెడ్డు దొరక్కపోతేనో కారును మూలపెట్టకండి. 1980లలో మన రాష్ట్రాల్లో ఎన్నో అంబాసిడర్లు మెటడోర్ డీజిల్ ఇంజన్‌తో తిరిగాయి. పెట్రోలు జీపులు డీజిల్ అయ్యాయి. వాటిలో చాలావాటికి ఆ మార్పే ఆయుష్షు పోసింది.

క్యూబా చూడండి. 1960ల మొదట్లో అమెరికా వర్తకం ఆపేశాక హవానాలో 1950ల షెవర్లేలకు, బ్యూక్‌లకు విడిభాగాలు రాలేదు. అక్కడి మెకానిక్కులు రష్యన్ కార్ల భాగాలు, డీజిల్ ఇంజన్లు ఎక్కించారు. అదీ సముద్రపు ఊరే. ఆ కార్లు ఈనాటికీ జనాన్ని మోస్తున్నాయి. సేకర్తల లెక్కలో అవి పాడైపోయిన కార్లు. ఆ ఊరి లెక్కలో అవి బతుకుతెరువు.

మన చట్టం మాత్రం గట్టిది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు ఆర్సీ వివరాలు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే స్పష్టం చేసింది. అందువల్ల ఇంజన్ మార్చాలనుకుంటే ముందు అదే కంపెనీ, అదే రకం ఇంజన్ కోసం వెతకండి. వేరేది తప్పదనుకుంటే చెయ్యి పెట్టకముందే నెల్లూరు ఆర్టీఓ ఆఫీసులో అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఇంజన్ కొన్న బిల్లు, పాత ఇంజన్ లెక్క, కొత్త నంబరు ఆర్సీలో ఎక్కించిన కాగితం భద్రంగా ఉండాలి. కాగితం లేని ఇంజన్ వల్ల ప్రమాదం జరిగిన రోజు బీమా చేతికి రాకుండా పోవచ్చు. ఛాసిస్ నంబరు ఉన్న రేకును కోయడం, గీకడం, వేరే బండి నంబరు అతికించడం ఎన్నడూ వద్దు. బ్యాటరీతోనో సీఎన్‌జీతోనో నడిచేలా మార్చడానికి అదే సెక్షన్ దారి ఇచ్చింది, ఆమోదం పొందిన కిట్టు వాడాలి. నెల్లూరికి వెళ్ళి వచ్చేంత దూరమే మీ కాగితం మీద ఉంటే ఆ దారిని కూడా ఆలోచించండి.

9. తీసిన భాగాలు దాచకండి

మార్చినా సరే, తీసిన ఒరిజినల్ భాగాలన్నీ కట్టకట్టి దాచమని పాత కార్ల సంఘాలన్నీ చెబుతాయి. ఎప్పుడైనా మళ్ళీ వెనక్కి మార్చుకోవచ్చని వాళ్ళ ఉద్దేశం. ఇందుకూరుపేటలో గోనెసంచిలో దాచిన డైనమో రెండు వానాకాలాలు దాటదు. కార్బొరేటర్ లోపల తెల్లటి బూజు పట్టి బిగుసుకుపోతుంది. పైగా అంబాసిడర్ రావడం ఆగి పదేళ్ళు దాటింది. మీ సంచిలో ఉన్న డిస్ట్రిబ్యూటర్ కోసం ఎవరో ఒకరు చెన్నై పుదుపేట సందులన్నీ తిరుగుతూ ఉంటారు. వాళ్ళకు ఇవ్వండి. బదులుగా వాళ్ళ దగ్గర మీకు కావలసింది అడగండి. భాగాలు చేతులు మారుతున్నంతకాలం ఈ కార్లు తిరుగుతాయి.

మెకానిక్ విషయంలోనూ ఇదే మాట. పెద్ద నగరంలో పేరున్న వర్క్‌షాపుకు లారీ మీద పంపకండి. అక్కడ పని అద్భుతంగా ఉండవచ్చు. కానీ కారు తిరిగొచ్చాక మొదటి నెలలో ఏదో ఒకటి ఆగుతుంది, అప్పుడు దాని లోపల ఏం చేశారో ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. కార్బొరేటర్ విప్పి చెవితో ట్యూనింగ్ చేయగల పాత మెకానిక్ నెల్లూరులోనో కోవూరులోనో ఇంకా ఉన్నాడంటే ఆయన దగ్గరికి వెళ్ళండి. ఆయన పక్కన ఒక కుర్రాడు నేర్చుకునేలా ఏర్పాటు చేయండి, ఆ కుర్రాడి కూలి మీరు అదనంగా ఇవ్వండి. కమాన్ కట్టలు సర్దడం, వాల్వులు రుద్దడం, ట్యాపెట్లు చూడడం చేతి నుంచి చేతికి రావలసిన విద్య. ఆ విద్య పోతే ఎంత ఒరిజినల్ కారైనా బొమ్మే. చేసిన ప్రతి మార్పూ ఏ బండి భాగం, ఏ సైజు, ఏ వైరు ఎక్కడికి పోతుందో ఒక నోటు పుస్తకంలో తెలుగులో రాయించి గ్లవ్‌బాక్సులో పెట్టండి.

10. మీ తర్వాత నడిపేవాళ్ళ కొలతకు మార్చండి

పాత కార్లలో చాలావాటిని తుప్పు కంటే ముందు వారసులు వదిలేశారు. క్లచ్ బరువు, స్టీరింగ్ బరువు, సీటు ముందుకు జరగదు, చలికాలంలో స్టార్టవదు, ఎండలో లోపల కూర్చోలేరు. కూతురు ఒకసారి ప్రయత్నించి పక్కన పెడుతుంది. కొడుకు తన చిన్న కారులోనే వెళ్తాడు. తండ్రి పోయాక కారు వసారాలోనే నిలబడిపోతుంది. అప్పుడు అది ఎంత ఒరిజినల్‌గా ఉన్నా లాభం లేదు.

కనుక మార్పులన్నిటిలో చివరిదీ ముఖ్యమైనదీ ఇదే. మీ తర్వాత ఆ కారు ఎవరు నడపాలో ఇప్పుడే తేల్చుకుని, వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని మార్చండి. సీటు ముందుకు జరగాలంటే కొత్త పట్టాలు వేయించండి. క్లచ్ మెత్తబడాలంటే హైడ్రాలిక్ పెట్టించండి. స్టీరింగ్ బరువైతే రేడియల్ టైర్లు వేశాక గాలి సరిగా ఉందో చూడండి, కింగ్‌పిన్లకు గ్రీజు ఎక్కించండి, అప్పటికీ బరువైతే పవర్ స్టీరింగ్. ఏసీ లేకపోతే మనవడు ఎక్కనంటే ఏసీ పెట్టించండి, దానికి తగినట్టు రేడియేటర్, ఆల్టర్నేటర్ పెద్దవి వేయించండి. ముగ్గురు పక్కపక్కన కూర్చునే ముందు బెంచీ సీటు వాళ్ళకు నచ్చితే అలాగే ఉంచండి, నచ్చకపోతే అదీ మార్చండి. ఈ నిర్ణయాల్లో వాళ్ళ మాటే చెల్లాలి, మన జ్ఞాపకాల మాట కాదు.

ఆ తర్వాత తాళం వాళ్ళ చేతికిచ్చి, నెలకోసారైనా నెల్లూరు వెళ్ళి రమ్మనండి. గ్రీజు పాయింట్లు ఎక్కడున్నాయో, ఆయిల్ ఎప్పుడు మార్చాలో, వాన వెలిశాక తలుపులెందుకు తెరిచి ఉంచాలో వాళ్ళకు మీరే నేర్పండి. ఇరవై ఏళ్ళ తర్వాత మీరు పెట్టించిన ఆల్టర్నేటర్ తీసేసి వాళ్ళు ఇంకేదో పెడతారు. వద్దనకండి.